సొంత తుపాకీ తెచ్చుకుని సెక్యూరిటీ ఉద్యోగంలో చేరమంటే

మీరు అడిగింది ముందు నాలుగు మాటల్లో చెప్పి మొదలుపెడతాను, ఇదే అనుమానం ఉన్న వేరేవాళ్లకు కూడా పనికొస్తుంది. మీరు ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చారు. నెల్లూరు కలెక్టరేట్ నుంచి తీసుకున్న లైసెన్సు మీద మీకు 12 బోర్ డబుల్ బ్యారల్ తుపాకీ ఉంది. ఆచారి వీధిలో ఒక నగల దుకాణానికి గన్‌మ్యాన్‌గా పెడతామని ఏజెన్సీ వాళ్లు పిలిచారు. తుపాకీ మీరే తెచ్చుకోవాలి, దానికి నెలకు 6 వేలు ఎక్కువ ఇస్తామన్నారు. అప్పుడప్పుడు సరుకుతో పాటు చెన్నై వెళ్లి రావాలి. వారంలో ఏదో ఒక సంగతి చెప్పమన్నారు.

ఇలా అయితే చేరొద్దు. ఉద్యోగం మానుకోమని నేను అనడం లేదు. మీ సొంత లైసెన్సు తుపాకీని ఆ ఉద్యోగానికి తీసుకెళ్లొద్దు అంటున్నాను. నేనూ ఆర్మీ నుంచి వచ్చినవాడినే. కావలిలో ఒక బ్యాంకు బ్రాంచిలో 11 ఏళ్లు ఆర్మ్‌డ్ గార్డుగా చేశాను, తర్వాత రెండేళ్లు ఒక ఏజెన్సీలో ఉన్నాను, ఇప్పుడు ఒంగోలులో గార్డులకు ట్రైనింగ్ ఇస్తున్నాను. తుపాకీ వల్ల గార్డు ఇరుక్కున్న ప్రతిసారీ నేను చూసింది ఒకటే: తుపాకీ ఇచ్చినవాడు, జీతం ఇచ్చినవాడు పక్కకు తప్పుకుంటారు, చేతిలో పట్టుకున్నవాడు స్టేషన్‌లో కూర్చుంటాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ లైసెన్సు బుక్కు తీసి ముందు పెట్టుకోండి. చాలామంది దాన్ని రెన్యువల్‌కు తప్ప తెరవరు. అందులో మీ పేరు, తుపాకీ నంబరు, తూటాల లెక్క మాత్రమే కాదు, అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుంది, ఏ షరతుల మీద ఇచ్చారు అనేవి కూడా ఉంటాయి. దరఖాస్తులో తుపాకీ ఎందుకు కావాలో మీరే రాసిచ్చారు. ఎక్కువమంది ఆత్మరక్షణ అనో, పంట రక్షణ అనో రాస్తారు. పోలీసులు విచారించింది ఆ కారణం మీద, కలెక్టరు సంతకం పెట్టింది ఆ కారణం మీద. ఇప్పుడు అదే తుపాకీతో జీతానికి వేరేవాళ్ల బంగారానికి కాపలా ఉంటే, ఇచ్చిన పని వేరు, చేస్తున్న పని వేరు అవుతుంది. 1959 ఆయుధాల చట్టంలో లైసెన్సు షరతు మీరితే శిక్షకు సెక్షన్ 30 ఉంది. శిక్ష సంగతి అటుంచండి. సెక్షన్ 17 కింద లైసెన్సును సస్పెండ్ చేసే అధికారం, పూర్తిగా రద్దు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. ఒకసారి రద్దయిన మనిషికి మళ్లీ లైసెన్సు రావడం ఎంత కష్టమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను అడగండి.

అందరూ అలాగే చేస్తున్నారు కదా అంటారు. నిజమే. 'సొంత గన్ లైసెన్సు ఉన్నవారికి ప్రాధాన్యం' అని ఉద్యోగ ప్రకటనలు నేనూ చూస్తున్నాను. ఏజెన్సీలు తమ పేరు మీద తుపాకీ లైసెన్సు తెచ్చుకోవడం తేలిక కాదు, అందుకని లైసెన్సు ఉన్న మనిషిని వెతుక్కుంటాయి. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. ఆ ఇబ్బందిని మీ భుజం మీద పెట్టడమే నాకు నచ్చని సంగతి.

సరైన పద్ధతి ఎలా ఉంటుందో బ్యాంకుల్లో చూడవచ్చు. తుపాకీ బ్యాంకుది, లైసెన్సు బ్యాంకుది. దాన్ని పట్టే ఉద్యోగి పేరు ఆ లైసెన్సు కాగితాల్లో ఎక్కిస్తారు. అతన్ని రిటైనర్ అంటారు. మనిషి మారితే పేరు మార్పించాలి. డ్యూటీ అయిపోయాక తుపాకీ బ్రాంచిలోనే ఉంటుంది, తూటాలు వేరే తాళంలో ఉంటాయి, ఇచ్చి పుచ్చుకున్నట్టు రిజిస్టర్‌లో సంతకాలు ఉంటాయి. నేను కావలిలో ఉన్న 11 ఏళ్లలో ఒక్క రోజు కూడా తుపాకీతో బ్రాంచి గడప దాటి ఇంటికి పోలేదు. మీ నగల దుకాణం యజమానికి నిజంగా ఆయుధంతో కాపలా కావాలంటే ఈ దారిలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలస్యం అవుతుంది, విచారణకు ఎస్ఐ వస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు. అయినా అది దారి.

ఏజెన్సీలో నాకు ఏం జరిగిందో చెప్తాను. బ్యాంకు ఉద్యోగం అయ్యాక ఒక ఏజెన్సీ నన్ను ఒక గోడౌన్ దగ్గర పెట్టింది. తుపాకీ వాళ్లే ఇచ్చారు. లైసెన్సు ఏదని అడిగితే ఆఫీసులో ఉంది, జిరాక్స్ పంపిస్తామన్నారు. నెల, రెండు నెలలు అడిగాను, ఆ తర్వాత అడగడం మానేశాను. నా తప్పు అక్కడే మొదలైంది. 2019 మార్చి 10న ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయిస్తారు కదా, స్టేషన్ వాళ్లు తమ జాబితా పట్టుకుని ఒక్కో తుపాకీ ఎక్కడుందో వెతుకుతున్నారు. నా చేతిలో ఉన్న తుపాకీ, ఏడాది క్రితం ఆ ఏజెన్సీలో పని మానేసి వెళ్లిపోయిన ఒక మాజీ సైనికుడిదని అప్పుడు తేలింది. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది, తుపాకీ నా దగ్గర ఉంది, ఆయన ఊళ్లో లేడు. పొద్దున ఎనిమిదికి పిలిస్తే రాత్రి పదింటి దాకా బెంచీ మీద కూర్చున్నాను. ఏజెన్సీ మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. నా డిశ్చార్జి బుక్కు చూసి, నేను అడిగిన మెసేజీలు ఫోన్‌లో చూసి, ఆ సీఐ గారు నన్ను సాక్షిగా తీసుకున్నారు. ఆయన ఆ మెసేజీలు చూడకుండా ఉండుంటే నేను ముద్దాయిని. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పలేక రెండు రోజులు టెన్షన్‌తో అన్నం సరిగ్గా తినలేదు.

లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే శిక్ష ఎంతో చాలామందికి తెలియదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సెక్షన్ 25(1బి) కింద తక్కువలో తక్కువ 2 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 5 ఏళ్లు జైలు, పైన జరిమానా. లైసెన్సు గడువు అయిపోయాక కూడా తుపాకీ దగ్గరే ఉంచుకున్నవాడిదీ ఇదే పరిస్థితి. గడువు అదే సవరణతో 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. దాంతో మర్చిపోవడం కూడా పెరిగింది. రెండు నెలల ముందే రెన్యువల్‌కు పెట్టుకోండి. లైసెన్సు మీద యూఐఎన్ అనే నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి, దేశవ్యాప్త డేటాబేస్‌లో ఎక్కిన లైసెన్సుకే ఆ నంబరు ఇస్తారు, అది లేని లైసెన్సు ఇప్పుడు చెల్లదు.

ఇక చెన్నై ప్రయాణం. ఇది మీకు చిన్న విషయంలా అనిపించి ఉత్తరం చివర్లో రాశారు, నాకైతే అన్నిటికంటే ఇదే భయం. లైసెన్సు చెల్లే ప్రాంతం ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, తడ దాటి ఆరంబాక్కం చేరగానే మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. మీరు 17 ఏళ్లు దేశానికి సేవ చేశారన్నది అక్కడి చెక్‌పోస్టులో కాగితం కాదు. బండిలో కిలోల లెక్కన బంగారం, పక్కన వేరే రాష్ట్రం తుపాకీ, దిగి వివరణ ఇవ్వాల్సింది మీరు. దేశమంతా చెల్లేలా లైసెన్సు మీద రాసి ఉంటే తప్ప ఆ బండి ఎక్కొద్దు. రాసి ఉన్నా, పైన చెప్పిన మొదటి చిక్కు అలాగే ఉంటుంది.

ఏజెన్సీ కాగితాలూ అడగండి. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని కింద లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపకూడదు, నడిపితే ఏడాది వరకు జైలు, లేదా 25 వేల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సును ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. మీరు లోపలికి వెళ్లగానే గోడ వైపు చూడండి, కనిపించకపోతే కుర్చీలో కూర్చోకముందే అడగండి. ఆ లైసెన్సు గార్డులను పెట్టే వ్యాపారానికి మాత్రమే, తుపాకీకి కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. 'మాకు సర్కారు లైసెన్సు ఉంది' అని వాళ్లు ఫ్రేము కట్టిన కాగితం చూపిస్తారు, మనం తుపాకీకి కూడా అనుమతి ఉన్నట్టే అనుకుంటాం. అవి రెండు వేరు చట్టాలు, రెండు వేరు కాగితాలు. వయసు నిబంధనే చూడండి: గార్డుగా చేరడానికి 18 నిండితే చాలు, 65 దాకా చేయవచ్చు. తుపాకీ లైసెన్సుకు 21 నిండాలి.

ట్రైనింగ్ విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది. మామూలు మనిషికి కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు, మొత్తం కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటలు, 16 గంటలు, 7 పనిదినాలు. ఆ ఏడు రోజులు కూడా దండగ అనుకోకండి. మీకు తుపాకీ పేల్చడం ఎవరూ నేర్పక్కర్లేదు. పేల్చకూడని సందర్భాలు మాత్రం ఆర్మీ నుంచి వచ్చిన మనం కొత్తగా నేర్చుకోవాలి. నా క్లాసులో ఎక్కువ సమయం దీనికే పెడతాను.

బోర్డర్‌లో మనకు ఆర్డర్ ఉండేది, వెనక యూనిట్ ఉండేది. ఆచారి వీధిలో మీకు ఆర్డర్ ఇచ్చేది దుకాణం యజమాని. ఆయన ఆర్డర్‌కు చట్టంలో ఏ విలువా లేదు. గార్డుకు మామూలు పౌరుడి కంటే ఒక్క అంగుళం ఎక్కువ అధికారం లేదు. ఉన్నదల్లా ఆత్మరక్షణ హక్కు. అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 2024 జూలై 1 నుంచి ఇదే అమల్లో ఉంది, పాత ఐపీసీ నంబర్లు మర్చిపోండి. సెక్షన్ 38 ప్రాణానికి సంబంధించినది: చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో న్యాయమైన భయం ఉన్నప్పుడు, దాడి చేసినవాడి ప్రాణం పోయినా అది నేరం కాదు. ఆస్తికి సంబంధించి సెక్షన్ 41 ఉంది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపల ఇల్లు పగలగొట్టడం, జనం ఉండే చోటుకో సరుకు దాచే చోటుకో నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థం వాడటం, దొంగతనమే అయినా ప్రాణం మీదికి వస్తుందన్న భయం కలిగించేలా చేయడం, ఈ కొన్నిటిలోనే అంత దూరం పోవచ్చు. వీటన్నిటి మీద సెక్షన్ 37 కూర్చుని ఉంది: పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు, అవసరానికి మించి హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు.

దుకాణంలో దీన్ని ఎలా చూడాలి? ఇద్దరు కత్తులతో లోపలికి వచ్చి సేల్స్ అమ్మాయి మెడ మీద పెట్టి నగలు సంచిలో వేయమన్నారు. అది దోపిడీ, ప్రాణభయం, మీకు హక్కు ఉంది. అదే కొనడానికి వచ్చినట్టు వచ్చి, గొలుసు లాక్కుని చిన్న బజారు వైపు పరిగెత్తుతున్న కుర్రాడు. వాడి వెనక నుంచి కాల్చే హక్కు మీకు లేదు. పరిగెత్తి పట్టుకోవచ్చు, అడ్డుకోవచ్చు, పెనుగులాడితే తగినంత బలం వాడవచ్చు, అంతే. పైగా పన్నెండు బోర్ తూటాలో మామూలుగా ఒకే గుండు ఉండదు, చాలా చిన్న గుళ్లు ఉంటాయి. సీసపు గుళ్లు దూరం పోయేకొద్దీ విప్పారతాయి. శ్రావణ మాసంలో ఆ వీధి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చీర కొంగు పట్టుకున్న పసిపిల్ల ఎక్కడ నిలబడి ఉందో గురి చూసేవాడికి కనిపించదు.

మనిషిని పట్టుకుంటే ఏం చేయాలో కూడా చట్టంలోనే ఉంది. మీ కళ్లెదుట బెయిలు రాని, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోదగిన నేరం జరిగితే పౌరుడు కూడా అరెస్టు చేయవచ్చు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం ఆలస్యం చేయకుండా, 6 గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. స్టోర్ రూమ్‌లో కట్టేసి యజమాని వచ్చేదాకా కొట్టారంటే కేసు మీ మీదికి తిరుగుతుంది.

ఇదే సందర్భంలో రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లకు ఒక మాట. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి ట్రైనింగ్‌కు వచ్చిన కుర్రాళ్లు నాకు ఇది చెప్పారు. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడానికి, ముందు వారం రోజులు దొంగల భయం. రైతుకు లైసెన్సు తుపాకీ ఉంటుంది. 'రాత్రికి ఇది దగ్గర పెట్టుకో, ఊరికే చూపిస్తే చాలు' అని కాపలా కుర్రాడి చేతికిచ్చి ఊళ్లోకి పోతాడు. ఆయనకు అది నమ్మకం, ఈ కుర్రాడికి అది గౌరవం. చట్టం దృష్టిలో ఆ రాత్రంతా ఆ కుర్రాడు లైసెన్సు లేకుండా ఆయుధం పెట్టుకున్నవాడు. లైసెన్సుదారు ఎదుట, లేదా ఆయన రాసిచ్చిన కాగితంతో, మరొకరు తుపాకీ మోయవచ్చని ఆయుధాల చట్టం సెక్షన్ 3లో ఒక వెసులుబాటు ఉన్న మాట నిజం. అది రిపేరుకు తీసుకెళ్లడానికి, లైసెన్సు రెన్యువల్‌కు తీసుకెళ్లడానికి, లైసెన్సుదారు తానే వాడుకోవడానికి మోసిపెట్టడానికి మాత్రమే. ఆయన ఇంట్లో పడుకుని, వీడు చెరువు గట్టు మీద తుపాకీతో కూర్చోవడం అందులోకి రాదు. అర్హత ఉందో లేదో చూసుకోకుండా చేతికిచ్చినందుకు రైతు మీద కూడా కేసు పెట్టవచ్చు. ఇంకో సంగతి, 5 వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష అని భారతీయ న్యాయ సంహిత రాసింది. నాలుగు బుట్టల రొయ్యల కోసం చీకట్లో పేల్చి మనిషి పోతే, ఆ రెండు పక్కల బరువు ఎంత తేడానో ఆలోచించండి. టార్చిలైటు, విజిల్, నలుగురి ఫోన్ నంబర్లు, గట్టు మీద లైట్లు, కుక్క. గట్టు మీద వీటితోనే పని జరుగుతుంది.

చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. పాత కాంబాట్ డ్రెస్ వేసుకుని డ్యూటీకి పోకండి, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, పోలీసు యూనిఫారంలా కనిపించే బట్టలు గార్డు వేసుకుంటే ఏడాది వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. యజమాని కొడుకు పెళ్లి ఊరేగింపులో గాల్లోకి ఒక రౌండు పేల్చమంటే ఒప్పుకోకండి. సంబరానికి కాల్చి జనం ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణలో ప్రత్యేకంగా చేర్చారు. దారిలో తుపాకీలోంచి తూటాలు తీసి, తుపాకీని కవర్‌లో పెట్టి తీసుకెళ్లాలి. తుపాకీ పోగొట్టుకుంటే వెంటనే దగ్గరి స్టేషన్‌లో రాసివ్వాలి.

ఏజెన్సీ వాళ్లు నగల దుకాణం కాదు, ఏటీఎం క్యాష్ వ్యాన్‌లో వేస్తామన్నారనుకోండి. దానికి 2018లో వేరే నియమాలు వచ్చాయి. ఒక డ్రైవరు, ఇద్దరు ఆయుధాలున్న గార్డులు, ఏటీఎంలో డబ్బు నింపే ఉద్యోగులు (కస్టోడియన్లు) ఇద్దరు ఉండాలి. ఒక ట్రిప్పులో 5 కోట్లకు మించి తీసుకెళ్లకూడదు. పట్టణాల్లో రాత్రి 9 తర్వాత, పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదు. ఉదయగిరి వైపు చీకటి పడ్డాక ఒక్క గార్డుతో వ్యాను పంపుతామంటే, ఆ ఏజెన్సీ మిగతా నియమాలు ఎలా పాటిస్తుందో అక్కడే అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ వారంలో ఏం చేయాలి? రేపు ఏజెన్సీకి ఫోన్ చేసి, 'తుపాకీ లేని గార్డుగా, లేదా సూపర్‌వైజర్‌గా తీసుకుంటారా' అని అడగండి. సూపర్‌వైజర్లను పెట్టేటప్పుడు మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2005 సెక్యూరిటీ ఏజెన్సీల చట్టమే చెబుతోంది, మీ 17 ఏళ్ల సర్వీసు అక్కడ పనికొస్తుంది. తుపాకీ తప్పదంటే, లైసెన్సు దుకాణం పేరు మీద తీసుకుని మీ పేరు రిటైనర్‌గా రాయించమనండి. అదీ కాదు, మీ తుపాకీనే కావాలంటే, ఈ పనికి దాన్ని వాడుకోవడానికి అనుమతి కోరుతూ కలెక్టరు గారికి అర్జీ పెట్టండి, ఏజెన్సీ నియామక పత్రం, దుకాణం ఉత్తరం జత చేయండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా తుపాకీ ఇంట్లో తాళం వేసి ఉండాలి. కలెక్టరేట్ గుమస్తా 'ఏం పర్లేదు, చేసుకోండి' అని నోటితో అంటే అది అనుమతి కాదు. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, అర్జీ రాసిపెట్టడానికి అక్కడ మనవాళ్లు ఉంటారు.

ఆ 6 వేల గురించి కూడా ఆలోచించాను తమ్ముడూ. పిల్లల ఫీజుల కాలం, ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా ఫోన్ చేసినప్పుడు ఏజెన్సీ వాళ్లను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: 'డ్యూటీలో నా తుపాకీ పేలితే లాయరును పెట్టేది ఎవరు, అది నియామక పత్రంలో రాసిస్తారా?' వాళ్లు ఏమన్నారో నాకు కూడా రాయండి.